పద్నాలుగో స్టేజీ పొన్నంకి పిట్ట

వెంకటప్పయ్య గారు ముప్పై మూడేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశారు. అన్నేళ్ళలో మనిషి లేకుండా టికెట్టు కొట్టలేదు, టికెట్టు లేకుండా మనిషిని దించలేదు. దీన్ని ఆయన నియమం అంటారు. తల్లాడలో ఆయనతో కాపురం చేస్తున్న సీతారావమ్మ గారు జబ్బు అంటారు. రిటైరై మూడేళ్ళు దాటినా పెళ్ళి భోజనాల్లో పంక్తి చివర నిలబడి తలకాయలు లెక్కపెట్టడం, చంకలో పిల్లాణ్ణి చూసి “వయసెంత?” అని అనుమానంగా అడగడం ఆయన మానలేదు కనక, ఈ తగువులో మనం కూడా సీతారావమ్మ గారి పక్షమే వహించవలసి వస్తుంది.

ఆయన సర్వీసులో సగం ఒకే దారి మీద గడిచింది. మధ్యాహ్నం ఖమ్మంలో బయల్దేరి, తల్లాడ, పెనుబల్లి మీదుగా అడవిలోకి దూరి, చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగి, చెయ్యెత్తని కొందరికి కూడా మొహమాటం కొద్దీ ఆగి, చీకటి పడ్డాక భద్రాచలం చేరే పల్లెవెలుగు అది. దైవదర్శనానికి పోయే భక్తులకు సగం తపస్సు ఆ బస్సులోనే పూర్తయ్యేది. ఎండాకాలం మొదట్లో ఎక్కినవాడు కళ్ళు మూసుకుని ముక్కుతోనే ఊళ్ళు గుర్తుపట్టేవాడు. తల్లాడ దాకా మిరపకాయ బస్తాల ఘాటు. పెనుబల్లి దాటాక ఇప్పపూల బుట్టల తీపి వాసన. ఆ తర్వాత బీడీలు చుట్టే తునికాకు కట్టలు, కట్టల మీద కూర్చున్న మనుషుల చెమట. ఇప్పుడు కార్లలో అద్దాలు బిగించుకుని అదే దారిన రెండున్నర గంటల్లో పోతున్నవాళ్ళకు ఏ ఊరూ ఏ వాసనా వేయడం లేదు. అభివృద్ధి అంటే అదే కావచ్చు.

ఆ బస్సు డ్రైవరు జైరాం. పెనుబల్లి అవతల అడవి అంచున ఒక తండా ఆయనది. పదహారేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే బస్సు, ఒకే టీ కప్పు సాసరు. వెంకటప్పయ్య గారు తనతో కన్నా జైరాంతోనే ఎక్కువ కాలం గడిపారని సీతారావమ్మ గారు అంటుంటారు. ఆ మాట తప్పని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.

డ్రైవరు ముందున్న అద్దమంత కిటికీ బస్సులో ఇంకెవరికీ ఉండదు. జైరాం అందులోంచి రోడ్డును తప్ప అన్నీ చూస్తారని కొందరు ప్రయాణికులు అనేవారు. అది అన్యాయం. పదహారేళ్ళలో ఆయన చక్రం కింద ఒక్క కోడి పడలేదు. చిన్నప్పుడు అడవిలో పశువులు కాసిన మనిషి. రోడ్డుతో పాటు రోడ్డు మీదికి వాలిన కొమ్మల్ని కూడా చూసేవారు, చూసింది కడుపులో దాచుకోలేక వెనక్కి కేకేసేవారు.

“అప్పయ్యా! ఎడమ దిక్కు, కరెంటు తీగ మీద! రాసుకో!”

వెంకటప్పయ్య గారు చెవి మీది పెన్సిలు తీసి ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేవారు. ఆయనకు పిట్టల శాస్త్రం తెలియదు, టికెట్ల శాస్త్రం తెలుసు. అందుచేత అడవిలోని పక్షిజాతిని మొత్తం ఆ శాస్త్రం కిందికే తెచ్చారు. పెద్ద పిట్ట ఫుల్లు. పిల్ల పిట్ట హాఫు. ఆగకుండా మీదుగా ఎగిరిపోయింది పాసు. ముక్కున పుల్ల పట్టుకుపోయేది లగేజీ. చోటు చెప్పడానికి, చార్జీ మారే స్టేజీ నంబరు. ‘మార్చి 3. స్టేజీ 4. చెరువులో తల మీద గీతల బాతులు, నలభై ఫుల్లు. సాయంత్రం ఉత్తరానికి పాసు.’ ‘మార్చి 19. స్టేజీ 11. మోదుగ చెట్టు మీద జొన్నపిట్టలు. స్టాండింగ్ లోడు.’ చలికాలమంతా మన చెరువుల్లో ఉండి వసంతంలో దేశం విడిచిపోయే పిట్టలూ, మన అడవి మీదుగా దాటిపోయే పిట్టలూ, ఆ పుస్తకంలో ఒకటి వెనక ఒకటి క్యూ కట్టి ఉండేవి. ఒక్కటి కూడా ఫుట్‌బోర్డు మీద వేలాడలేదు.

అన్నిటిలోకీ ముఖ్యమైన ప్రయాణికుడు ఏప్రిల్ చివరి వారంలో వచ్చేవాడు. పద్నాలుగో స్టేజీ దగ్గర రోడ్డు ఒక వాగు మీదుగా మలుపు తిరుగుతుంది. వాగు ఒడ్డున వెదురు పొదలు. సాయంత్రం ఆరు గంటల వేళ ఆ పొదల కింద ఎండుటాకుల మీద తొమ్మిది రంగుల పిట్ట ఒకటి గెంతుతూ ఉండేది. దక్షిణాన చలికాలం గడిపి ఉత్తరాదికి పోతూ దారిలో మన దగ్గర రెండు మూడు రోజులు మకాం వేసే పిట్ట అది. పుస్తకాల వాళ్ళు పొన్నంకి పిట్ట అంటారు.

ఇక్కడ ఉద్యోగధర్మం గురించి రెండు మాటలు చెప్పాలి. స్టేజీ దాటే ముందు కండక్టరు తన చేతిలో ఉన్న ఒక్కో రకం టికెట్టు ఏ నంబరు దాకా చిరిగిందో కాగితం మీద ఎక్కించాలి. దీన్ని స్టేజీ మూయడం అంటారు. మూయకుండా దాటినప్పుడు చెకింగు వాళ్ళు ఎక్కారా, ఇక అంతే సంగతులు. పద్నాలుగో స్టేజీ సరిగ్గా ఆ మలుపు దగ్గరే మొదలవుతుంది. దానికి ముందు ఊళ్ళో తునికాకు కూలీలు ఇరవై మంది ఎక్కుతారు. కాబట్టి జైరాం “అప్పయ్యా, వచ్చింది!” అని కేకేసే క్షణానికి వెంకటప్పయ్య గారి తల కాగితంలో ఉండేది. తల ఎత్తేసరికి మలుపు వెనకబడేది. ఇది ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. మధ్యలో టికెట్టు కొట్టే యంత్రం వచ్చింది. ఇకనైనా తల ఎత్తవచ్చని ఆయన ఆశపడ్డారు. స్టేజీ మార్చే మీట నొక్కగానే ఆ యంత్రం మలుపు దాటేదాకా దీర్ఘంగా ఆలోచించేది. రెండుసార్లు సెలవు పెట్టి పనిగట్టుకుని వెళ్ళి మలుపులో కూర్చున్నారు. ఆ రెండు రోజులూ పిట్ట కూడా సెలవులోనే ఉంది.

అందుచేత ఆయనకు ఆ పిట్ట వాయిదాల మీద అందింది. బస్సు మలుపు దాటడానికి పట్టేది పది సెకన్లు. అంత కొద్దిసేపట్లో జైరాంకు ఏడాదికి ఒక రంగు దొరికేది. మొదటి ఏడు వీపు ఆకుపచ్చ అన్నారు. రెండో ఏడు రెక్క మీద నీలం. తర్వాత కంటి మీదుగా నల్లపట్టీ, గొంతు దగ్గర తెలుపు, పొట్టకు పండిన వరిగడ్డి రంగు. “తోక కింద సింధూరం అద్దినట్టుంది అప్పయ్యా” అని చెప్పిన ఏడు వెంకటప్పయ్య గారు భద్రాచలం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. కొందరికి ఆ సాయంత్రం చిల్లర కూడా సరిగానే వచ్చింది.

ఒకసారి జైరాం మిత్రుడికి తల ఎత్తే వ్యవధి ఇద్దామని బస్సును నడక వేగానికి తగ్గించారు. సరిగ్గా అప్పుడే వెనక సీట్లోంచి ఒక పెద్దమనిషి, భద్రాచలంలో తాను ఎక్కవలసిన బస్సు తప్పిపోతుందని లేచి నిలబడ్డారు. వెంకటప్పయ్య గారు ఆయన వైపు తిరిగి సముదాయిస్తూ ఉండిపోయారు. పిట్ట ముందుంది. పెద్దమనిషి వెనకున్నారు. ఫిర్యాదు వెళ్ళింది, మెమో వచ్చింది. జైరాం సంజాయిషీ రాశారు: ‘రోడ్డు పక్కన తొమ్మిది రంగుల పిట్ట ఉన్నందున వేగం తగ్గించవలసి వచ్చినది. పిట్టకు ఎటువంటి ఇబ్బంది కలగలేదు.’ పై అధికారి దాన్ని మూడుసార్లు చదివి, ఇకమీదట పిట్టలున్నప్పటికీ నిర్ణీత వేగం పాటించవలెనని ఉత్తర్వు ఇచ్చారు.

పదహారు ఏప్రిళ్ళు అలా గడిచాయి. పదిహేడో ఏప్రిల్‌లో రోగం భయానికి బస్సులే నడవలేదు. పిట్ట వచ్చిందో లేదో చూసే దిక్కు లేకపోయింది. బస్సులు మళ్ళీ కదిలేసరికి జైరాం కళ్ళు కదలలేదు. షుగరు ముందే తిన్నంత తినేసింది. కంటి పరీక్షలో అక్షరాలు కనబడక ఆయన ఇంటికి వెళ్ళిపోయారు. తర్వాత ఏడాదిన్నరకు వెంకటప్పయ్య గారు కూడా రిటైరయ్యారు. పండగలకు ఫోను చేసేవారు. వెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు. చూపు పోయిన డ్రైవరు ఎదుట కూర్చుని ఏ దారి గురించి మాట్లాడాలి?

ఈ ఏప్రిల్ ఇరవై ఆరున పద్మప్రియ తల్లాడ వచ్చింది. ఖమ్మంలో జువాలజీ లెక్చరరు. చదువుకునే రోజుల్లో స్టూడెంటు పాసుతో అదే బస్సులో తిరిగిన పిల్ల. వసంతంలో జిల్లాలో కనిపించే అరుదైన పిట్టలు, వలస పిట్టల జాబితా ఒకటి ఆమె, ఆమె విద్యార్థులు తయారుచేస్తున్నారు. చలికాలంలోనే వచ్చి వెంకటప్పయ్య గారి పుస్తకం జిరాక్సు తీసుకుపోయింది.

“అంకుల్, రెండు ఆదివారాలు పొయ్యి మలుపు కాడ కూసున్నం. కనబడలె. జాబితా ముప్పై తారీకు మూసేస్తున్నం. మీ పుస్తకంల పదహారేండ్లు వరసగ ఉంది. గిట్ల ఒకే చోట రాసిపెట్టిన మనిషి మాకు ఇంకొకరు దొరకలే. కానీ మా ఫారంల ఒక గడి ఉంది.”

“ఏం గడి?”

“స్వయంగా చూసిన్రా అని.”

వెంకటప్పయ్య గారు గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయారు. వంటింట్లోంచి సీతారావమ్మ గారే జవాబు చెప్పారు.

“చూసిండని రాసుకో తల్లీ! పెండ్లి పీటల మీద నన్ను గూడ గంత సేపు చూడలే. ఎప్పుడు జూడు దాని ముచ్చటే.”

“నేను చూడలే,” అన్నారు వెంకటప్పయ్య గారు.

“ఏంది అంకుల్?”

“జైరాం చూసిండు. నేను రాసిన. ఒక్క పారి గూడ చూడలే.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

పద్మప్రియ మెల్లగా విషయం చెప్పింది. రాసిన మనిషి కళ్ళారా చూడకపోతే ఆ పదహారేళ్ళూ జాబితాలోకి ఎక్కవు. చివరి పేజీలో ‘నిర్ధారణ కానివి’ అనే శీర్షిక కింద చిన్న అక్షరాల్లో పోతాయి. ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి ఆ పిట్ట అక్కడ కనబడితే, పాతవాటికి కూడా బలం వస్తుంది. జైరాం సాక్ష్యంతో అన్నీ నిలబడతాయి.

మనిషి లేకుండా టికెట్టు కొట్టని వాడి చేతి రాత చిన్న అక్షరాల్లోకి పోతుందంటే ఆయనకు అన్నం సహించలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని పద్మప్రియతో అదే బస్సెక్కారు.

తండాలో జైరాం భార్య కమ్లి ముంగిట్లో జొన్నలు చెరుగుతోంది.

“ఐదేండ్లకు దారి దొరికిందా కండక్టర్ సాబ్‌కు? నడుమ బస్సు చెడిపోయిందా?”

వెంకటప్పయ్య గారు చెప్పులు విడిచి ముంగిట్లోకి నడిచారు. నులకమంచం మీద నల్లకళ్ళద్దాలతో ఉన్న జైరాం తల పక్కకు వంచారు.

“గట్ల కాళ్ళీడ్చుకుంట నడిచేటోడు ఒక్కడే. అప్పయ్య. ఏంది, రిటైరైనంక గూడ చెకింగా?”

“నీ మొఖానికి చెకింగొకటి. లే, పోదాం.”

“యాడికి?”

“మలుపు కాడికి. పిట్టను చూడాలె.”

జైరాం గట్టిగా నవ్వారు. “నన్ను తీస్కపోయి చూస్తవా? మంచి డ్రైవర్నే పట్టినవ్.”

“నువ్వు ఇను. నేను చూస్త.”

ఆ మాటకు జైరాం నవ్వడం మానేసి చెప్పుల కోసం కాలితో తడిమారు.

ఆరు కావడానికి ముప్పావుగంట ఉండగా ముగ్గురూ ఆటోలో వచ్చి మలుపు దగ్గర కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. రోడ్డును వెడల్పు చేసినప్పుడు ఒక పక్క వెదురు కొట్టేశారు. వాగు పక్క మిగిలింది. లారీలు పోతుంటే జైరాం ఒక్కో దాని ఇంజను జబ్బు చెప్పారు. ఎవరు ఎక్కడ దిగేవారు, ఎవరు అరటిగెలకు టికెట్టు కొట్టవద్దని ఏడ్చారు, ఏ ముసలమ్మ ప్రతి శుక్రవారం డ్రైవరుకు గుప్పెడు ఇప్పపూలు ఇచ్చిపోయేది, అన్నీ వచ్చాయి. ఆ ముసలమ్మ పేరు ఇద్దరికీ గుర్తు రాలేదు. దిగే స్టేజీ మాత్రం ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

ఎండ చెట్ల నడుముల దాకా దిగింది. జైరాం హఠాత్తుగా చెయ్యెత్తారు.

“మాట్లాడకు.”

వెదురు పొదల్లోంచి రెండు స్వరాల ఈల వినబడింది. ఒకటి పైకి, ఒకటి కిందికి. కాసేపాగి మళ్ళీ.

“ఎడమకు,” అన్నారు జైరాం గొంతు తగ్గించి. “చెట్టు మీద చూడకు. కింద, ఆకులల్ల. తొందరపడకు, గదే కదులుతది.”

వెంకటప్పయ్య గారు చూశారు. ఎండుటాకులే. ఇంకా చూశారు. చేతిలో కాగితం లేదు, యంత్రం లేదు, వెనక పెద్దమనిషి లేడు. ఒక ఆకు బోర్లపడింది. దాని పక్కనే తోక లేనట్టున్న పొట్టి పిట్ట ఒకటి నిలబడి ఉంది. వీపు ఆకుపచ్చ. రెక్క మీద నీలం. కంటి మీదుగా నల్లపట్టీ. అది మెడ పైకి చాచి ఈల వేసి, వెనక్కి తిరిగి, పురుగు కోసం వంగింది. తోక కింద ఎర్రగా, ఎంత ఎర్రగా ఉందో చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు.

పద్మప్రియ కెమెరా నాలుగుసార్లు టిక్కుమంది. పిట్ట వాగులోకి దిగిపోయింది.

“ఉన్నదా?” అన్నారు జైరాం.

“ఉన్నది.”

“ఖరారైనట్టే అంకుల్!” పద్మప్రియ గోడ మీంచి దూకింది. “పాతవి పదహారు, గిది పదిహేడు. జైరాం అంకుల్ సంతకం పెడితే అయిపాయె.”

జైరాం నల్లకళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. వాటితో ఆయనకు పనేమీ లేదు.

“అన్నీ రాయకు బిడ్డా. రెండేండ్లు నేను చూడలే.”

పద్మప్రియ కెమెరా కిందికి దించింది.

“ఒకటి అప్పయ్య వాళ్ళమ్మ పోయిన ఏడు. దినాలు చేసుకొని గుండుతోని డ్యూటీకొచ్చిండు. మలుపు కాడ తల ఎత్తకుంటనే ‘వచ్చిందా?’ అన్నడు. ఏం చెప్తం? వచ్చిందన్న.”

వెంకటప్పయ్య గారు ఆయన వైపు తిరిగారు. “సింధూరం చెప్పింది గా ఏడే గద?”

“సింధూరం గంతకు ముందటేడే చూసిన. దాచిపెట్టిన.”

“ఎందుకు?”

“ఏమో. పనికొస్తదనిపించింది.”

వెంకటప్పయ్య గారు చెవి మీది పెన్సిలు తీశారు. “రెండోది ఏ ఏడు?”

“గదే యాదికొస్తలేదు.”

“యాది చేసుకో జైరాం.”

“వస్తలేదంటున్న గద.”

“చూడకుంట ఎందుకు చెప్పినవ్?”

“నువ్వడిగినవ్.”

దీనికి రూల్సు పుస్తకంలో జవాబు లేదు. వెంకటప్పయ్య గారు పద్మప్రియ వైపు తిరిగారు. ఆమె చేతిలోని జిరాక్సు కాగితాలు అడిగి తీసుకుని, పొన్నంకి పిట్ట ఉన్న చోటల్లా పెన్సిలుతో ఒక్కో గీత కొట్టడం మొదలుపెట్టారు.

“అయ్యో అంకుల్! తెల్వంది ఒక్కటే గదా. మిగిలినవి నిజాలే గదా. ఎవరు చూడొచ్చిన్రు?”

“కట్ట నడుమ ఒక టికెట్టు పోయి, గది ఏ నంబరో తెల్వకపోతే, కట్ట మొత్తం డిపోల ఒప్పజెప్పాలె బిడ్డా. ఇగ గా కట్ట నడవది.”

“పదహారేండ్లు అంకుల్!”

“అవ్.” ఆయన పదహారో గీత కొట్టారు. “చిన్న అక్షరాలల్ల వెయ్యి. అక్షరాలు చిన్నగుంటే ఏమైతది.”

పద్మప్రియ కాసేపు ఆయన మొహం, కాసేపు కాగితం చూసి, సంచిలోంచి కొత్త ఫారం తీసింది. తేదీ, చోటు, పిట్ట పేరు, సంఖ్య ఒకటి. ‘స్వయంగా చూశారా’ అన్న గడిలో వెంకటప్పయ్య గారు అవును అని రాసి, రాసింది రెండుసార్లు చదువుకున్నారు.

“చెవితోని ఇన్నోళ్ళకు గడి లేదా?”

“లేదంకుల్.”

“గియ్యి.”

స్కేలు లేక ఆమె కెమెరా పెట్టె అంచుతో గీత గీసింది. గీత కొంచెం వంకర పోయింది. వెంకటప్పయ్య గారు అందులో జైరాం పేరు ఇంటిపేరుతో సహా రాయించి, కింద చెయ్యి పట్టి సంతకం పెట్టించారు.

తండాకు తిరుగు బస్సు ఏడుకు దొరికింది. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చోవడం అదే మొదటిసారి. జైరాం కిటికీ వైపు కూర్చున్నారు. పద్మప్రియ టికెట్లు తీసుకుంది. వాటి నంబర్లు వెంకటప్పయ్య గారు చూడలేదు.

“మల్లొక్కపారి చెప్పు,” అన్నారు జైరాం.

వెంకటప్పయ్య గారు మొదటి నుంచి చెప్పారు. ఆకు బోర్లపడటం, వీపు, రెక్క, కన్ను, మెడ చాచిన తీరు, వెనక్కి తిరగడం. ఈసారి అన్ని రంగులూ ఒకే రోజు చెప్పవలసి రావడంతో ఆయన మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకున్నారు. జైరాం కిటికీ వైపు మొహం పెట్టి విన్నారు.

“నేను చెప్పినట్టే ఉన్నదా?”

వెంకటప్పయ్య గారు ఆలోచించారు.

“లేదు. చిన్నగున్నది.”

“గట్లనా. ఎంతుంది?”

వెంకటప్పయ్య గారు ఆయన చెయ్యి అందుకుని, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి చేసి, తన అరచేతిలో పెట్టుకుని కొంచెం వదులు చేశారు.

“గింత.”

జైరాం ఆ పిడికిలిని ఒడిలో పెట్టుకుని, తండా స్టాపు వచ్చేదాకా విప్పలేదు.